బర్రెకు పెట్టిన మైకు

తాండూరు మొదలు వికారాబాద్ దాకా, ఆ పక్క బషీరాబాద్ దాకా, పెళ్లి పందిళ్లలో మంద్రస్వరం అనేదాన్ని జనం చెవిన వేసినవాణ్ణి నేనే. ఈ మాట చాలా ఏళ్లుగా చెబుతున్నాను. ఒక్కరూ కాదనలేదు. కాదనాలంటే ముందు మంద్రస్వరం అంటే ఏమిటో వాళ్లకు తెలియాలి గదా.

సరే, ఒప్పుకుంటాను. నాకూ తెలియదు. తెలిసిన మనిషి మొన్న కన్నుమూశాడు.

ఆయన కూతురు ఫోన్ చేసినప్పుడు నేను మా ఇంటి ముందు నాపరాయి అరుగు మీద కూర్చుని చాయ్ ఊదుకుంటున్నాను.

"కాకా, నాయిన పోయిండు" అంది. ఏడవలేదు. తండ్రి గొంతులో ఉండే ఆ గట్టిదనం ఆ పిల్లకూ ఉంది. పిల్ల అంటున్నాను గానీ ఆమెకే నలభై దాటాయి. "దినాలకు మైకు నువ్వే పెట్టాలె. వేరేటోళ్లు పెడితె నాయిన ఒప్పుకోడు."

"బిడ్డా, నేను మైక్‌సెట్ అంగడి మూసి ఎనిమిదేండ్లాయె."

"గా పాత సెట్టే తే. ఇంట్లనే ఉన్నదని నాకెర్కే. మళ్ల... నువ్వు గా కథ చెప్పాలె అందరి ముంగట."

"ఏం కథ?"

"గదే కాకా. తాండూరు పెండ్లిల నీ సౌండు తోటి మా నాయిన జాగ నిలిచిన కథ."

చాయ్ చల్లారిపోయింది. ఆ కథ నేను ఎన్ని హోటళ్లలో, ఎన్ని బస్టాండ్లలో చెప్పానో లెక్క లేదు. దాంట్లో హీరోని నేను. జరిగిన సంగతిలో మాత్రం నేను దొంగని. ఆయన బతికున్నన్నాళ్లూ ఆ తేడా మా ఇద్దరికే తెలుసు. ఇప్పుడు నా ఒక్కడికే తెలుసు. దినాల నాడు, ఆయన ఫోటో పక్కన నిలబడి, నా మైకులోనే, ఆ కథ మళ్లీ చెప్పాలట.

అందుకే ముందు ఆయన ఎట్లాంటి మనిషో చెబుతాను. కథ సంగతి తర్వాత చూద్దాం.

ఫిడేలు చూశారు గదా. దానికి ఎరువు వేసి మనిషిని మించిన ఎత్తుకు పెంచారనుకోండి. భుజం మీద పెట్టుకునేది కాస్తా నేల మీద నిలబెట్టి, పక్కన నిలబడి, దాని మెడ పట్టుకుని వాయించేది అవుతుంది. డబుల్ బాస్ అంటారు దాన్ని; ఆయన వాయించేది అదే. నాలుగే తీగెలు. ఒక్కో తీగె బావిలో బొక్కెన దించే తాడంత లావు... తాడంత కాదులెండి, కొంచెం సన్నం. ఆ తీగెలు మేకపేగులతో ఆయనే పేనుకునేవాడని కూడా నేను చాలామందికి చెప్పాను. గొర్లకాపరుల ఇంట పుట్టిన మనిషి కాబట్టి అందరూ నమ్మారు. నిజానికి అవి పట్నం నుంచి పార్సెల్లో వచ్చేవి.

ఆయన దాన్ని బర్రె అనేవాడు. కోపంతో కాదు, వెటకారంతో కాదు. ఇంట్లో బర్రెను బర్రె అన్నట్టే. "బర్రె ఎక్కిందా?" అంటే జీపులోకి ఎక్కించారా అని. "బర్రెకు ఎండ తగుల్తుంది" అంటే టెంటు ఇటు జరపమని. వాయించేముందు దాని పొట్ట పక్కన అరచేత్తో రెండుసార్లు తట్టేవాడు, పాలు పితికేముందు తట్టినట్టు. దానికి సంచీ లేదు. రెండు నల్ల గొంగళ్లు కలిపి కుట్టిన తొడుగు. వానలో తడిస్తే జీపంతా గొర్లదొడ్డి వాసన. పాట పాడే అమ్మాయి ముక్కు మూసుకునేది. ఆయన మాత్రం, "నీ సెంటు వాసనకు నా బర్రె ఏమన్న అంటుందా బిడ్డా?" అనేవాడు.

అది ఆయన దగ్గరికి ఎట్లా వచ్చిందని అడిగితే నా దగ్గర మూడు కథలున్నాయి. పాతకాలపు దొర ఒకాయన వదిలి వెళ్లాడని ఒకటి, నవాబుల దేవిడీ బంగళా వేలంలో కొన్నాడని ఒకటి. మూడోది ఇంకా పెద్దది. మూడూ నేను కల్పించినవే. ఆయన్ను అడిగితే వచ్చిన జవాబు ఒక్కటే.

"ఏడికెళ్లొచ్చింది అన్నా ఇది?"

"నడిచొచ్చింది."

ఒకసారి మేమిద్దరం వికారాబాద్‌లో దాన్ని ప్యాసింజర్ బండి ఎక్కించాం. జీపు చెడిపోయింది, తాండూరులో మధ్యాహ్నానికి పెళ్లి. టికెట్లు చూసే ఆయన గొంగడి మూటను కిందా మీదా చూశాడు.

"గిదేంది పెద్దమనిషీ?"

"బర్రె, సారు."

"బర్రెలకు ఈ డబ్బల జాగ లేదు."

"గందుకే నిలబెట్టిన సారు. కూసోనిస్తలేను."

పెద్దాయన ముఖంలో నవ్వు లేదు. టికెట్లాయన కాసేపు చూసి, తనే నవ్వుకుంటూ ముందుకు పోయాడు. తాండూరు దాకా పెద్దాయన నిలబడే వచ్చాడు, బర్రె మెడ మీద చెయ్యి వేసి. సీటు ఖాళీగా ఉంది, కూర్చో అన్నా అంటే, "అది నిలబడ్డది గద" అన్నాడు.

మరొక అలవాటు ఉండేది. ఏ ఫంక్షన్ హాల్లో అడుగుపెట్టినా, ఏ పందిట్లో నిలబడినా, ముందు ఒక్కసారి చప్పట్లు కొట్టేవాడు. ఒక్కటే చప్పుడు, గట్టిగా. తర్వాత తల కొంచెం వంచి, ఎదురుగోడ వైపు చెవి పెట్టి వినేవాడు. పనివాళ్లు తమను పిలుస్తున్నాడేమోనని పరిగెత్తుకొచ్చేవాళ్లు.

"ఏం కావాలె పెద్దాయనా?"

"నిన్ను కాదు. గోడను పిలిచిన."

గోడ ఏం చెప్పిందో విని, బర్రెను ఎక్కడ నిలబెట్టాలో తేల్చుకునేవాడు. తర్వాత తన చేతిసంచిలోంచి రాయి తీసేవాడు. మూరెడు పొడవు, మూరెడు వెడల్పు ఉన్న తాండూరు నాపరాయి. నున్నగా కోసింది. బర్రె కింద ఉండే ఇనుప కాలు ఆ రాయి మీద పెట్టేవాడు. మన స్టేజీలు తెలుసు గదా, కింద ఇనుప కాళ్లు, పైన చెక్క పలకలు, లోపలంతా డొల్ల. బర్రె కాలు నేరుగా పలక మీద ఉంటే స్టేజీ మొత్తం డప్పులాగ మోగుతుంది. మధ్యలో రాయి ఉంటే ఆ మోత చాలావరకు అక్కడే అణుగుతుంది. ఈ రాయి ఉపాయం నేనే చెప్పానని తాండూరులో ఒకరిద్దరు రాళ్ల పాలిష్ యజమానులు ఈనాటికీ నమ్ముతారు. వాళ్లను అట్లాగే నమ్మనివ్వండి.

ఇక నా సంగతి. మా ఆర్కెస్ట్రాకు మైక్‌సెట్ నాది. ఆర్కెస్ట్రా నడిపే ఆయన్ను అందరూ మాస్టర్ అనేవాళ్లం. ఇద్దరు పాటగాళ్లు, ఒక ఢోలక్, ఒక కీబోర్డు, మాస్టర్ చేతిలో హార్మోనియం, చివర మా పెద్దాయన బర్రె. నా మిషన్ మీద చప్పుడు పెంచి తగ్గించే ఎనిమిది నాబ్‌లుండేవి, ఒక్కో మైకుకు ఒకటి. ఆరో నంబర్ బర్రెది.

ఆ ఆరో నంబర్ నన్ను ఏడిపించినట్టు నా పెళ్లాం కూడా ఏడిపించలేదు. ఫిడేలుకో, గొంతుకో మైకు పెట్టడం తేలిక. బర్రె అట్లా కాదు. దాని పొట్ట ఒక పెద్ద డొల్ల. మైకు ముందు పెడితే, స్పీకరు డబ్బాల్లోంచి వచ్చిన చప్పుడు మళ్లీ ఆ పొట్టలోకే దూరి, అందులోంచి మైకులోకి, మైకులోంచి డబ్బాల్లోకి తిరుగుతుంది. ఒక్క క్షణంలో "గుయ్య్..." మని మొదలై, హాలు మొత్తం ఒర్లుతుంది. మామూలు మైకు కూత సన్నగా చెవిలో గుచ్చుకుంటుంది. ఇది కడుపులోంచి వస్తుంది. మేం దాన్ని బర్రె అరుపు అనేవాళ్లం.

బషీరాబాద్ పెళ్లిలో అరిచింది. పట్టపగలు, పెళ్లికొడుకు గుర్రం మీద పందిట్లోకి వస్తున్నాడు. మాస్టర్ స్వాగతం పాట ఎత్తుకున్నాడు. పెద్దాయన మొదటి తీగె మీటాడు. నేను అప్పటికే ఆరో నంబర్ బాగా ఎక్కించి ఉన్నాను. బర్రె అరిచింది. గుర్రం ముందుకాళ్లు లేపి, పెళ్లికొడుకుతో సహా సరిహద్దు దాటి కర్ణాటకలోకి ఉరికింది.

కర్ణాటకలోకి కాదు. పందిరి గుంజ దాకా. పెళ్లికొడుకు కింద పడలేదు, తలపాగా మాత్రం పడింది. కానీ పెళ్లికొడుకు తండ్రి స్టేజీ కిందికొచ్చి, "ఏనప్పా ఇదు! పెండ్లికొచ్చిన్రా, గుర్రాన్ని బెదిరియ్యనీకొచ్చిన్రా?" అని కన్నడం సగం, తెలుగు సగం తిట్టిన తిట్లు మాస్టర్‌కు బాగా తగిలాయి. మాస్టర్ వెనక్కి తిరిగి నాతో ఒక్కటే మాట అన్నాడు.

"మళ్లొక్కసారి గీ అరుపు ఇనబడ్డదంటె నీ సెట్టు నాకొద్దు."

ఆ తర్వాతి పెళ్లి నుంచి నేను ఆరో నంబర్ సున్నా మీద పెట్టాను. వైరు ఉంది, మైకు ఉంది, మైకు మీద తొడుగు కూడా ఉంది. చప్పుడు మాత్రం లేదు. స్టేజీ మీద ఉన్నవాళ్లకు బర్రె దగ్గరగానే వినబడుతుంది కాబట్టి వాళ్లకు తెలియలేదు. కింద కూర్చున్న జనానికి అసలే తెలియదు. ఆయన ప్రతి పెళ్లిలో, మొదటి పాటకు ముందు, స్టేజీ మీది నుంచి నా వైపు చూసి అడిగేవాడు.

"తమ్మీ, వస్తుందా?"

"మస్తు వస్తుందన్నా. ఫుల్ పెట్టిన."

ఆయన తల ఊపేవాడు. బర్రెను రెండుసార్లు తట్టేవాడు. మొదలుపెట్టేవాడు. ఆరు నెలలు ఇట్లా గడిచాయి. ఒక్క పెళ్లిలో కూడా ఆయన అడగడం మానలేదు, నేను అబద్ధం ఆడడం మానలేదు.

ఆ మధ్యలోనే కీబోర్డు అబ్బాయి కొత్త పెట్టె కొన్నాడు. ఎడమచేత్తో మీటితే బర్రె లాంటి చప్పుడే వస్తుంది. మాస్టర్‌కు ఆలోచన మొదలైంది. జీపులో బర్రె ఇద్దరు మనుషుల జాగా తింటుంది. వానాకాలం గొర్ల వాసన సరేసరి. పైగా జనానికి వినబడనే వినబడదు. వినబడకపోవడానికి కారణం నా కుడిచేతి బొటనవేలు, చూపుడువేలు అని మాస్టర్‌కు తెలియదు.

పెద్దాయనకు ఈ గుసగుస చేరింది. ఒకరోజు కుల్కచర్ల నుంచి తిరిగి వస్తుంటే నాతో మాత్రం అన్నాడు.

"ఇంట్ల ఒక్కన్ని వాయిస్తె బర్రె పండుకుంటది తమ్మీ. నలుగురి నడుమ నిలబెడితెనే లేస్తది. ఇంటికాడ కట్టేస్తె ఇంగ లేవది."

అది తన సంగతేనని చెప్పకుండా చెప్పడం ఆయన పద్ధతి. గొర్లు అమ్మేసి అప్పటికి చాలా కాలమైంది. ఉన్న కొంచెం చేను తమ్ముళ్లు చూసుకునేవాళ్లు. ఆయనకంటూ ఉన్నది మా నలుగురి మధ్య ఆ మూరెడు రాయి జాగానే.

తాండూరులో పెళ్లి. ముహూర్తం అయిపోయింది, జనం భోజనాలకు లేస్తున్నారు, కూర్చునేవాళ్లు కూర్చున్నారు. మాస్టర్ మమ్మల్నందర్నీ స్టేజీ వెనక్కి పిలిచాడు.

"ఇయ్యాల తేలుస్త. ఒకే పాట రెండుసార్లు. మొదటిసారి బర్రె తోటి. రెండోసారి బర్రె లేకుంట. నేను ఎన్కకు పొయ్యి, ప్లేట్లు పెట్టిన కాడ నిలబడి ఇంట. ఫరక్ తెలిస్తె బర్రె ఉంటది. తెల్వకుంటె..." పెద్దాయన వైపు చూశాడు. "పెద్దమనిషివి, బాధపడొద్దు."

"పడ" అన్నాడు ఆయన.

మాస్టర్ నా భుజం తట్టాడు. "నువ్వు ఆరో నంబర్ మంచిగ పెట్టు. అన్యాయం కావొద్దు."

ఆయన స్టేజీ ఎక్కాడు. రాయి సరిచేసుకున్నాడు. చప్పట్లు కొట్టాడు, ఒక్కటే. గోడ మాట విన్నాడు. బర్రెను తట్టాడు. నా వైపు చూశాడు.

"తమ్మీ, వస్తుందా?"

ఇక్కడ నేను హోటళ్లలో చెప్పే కథ వేరు. ఆ కథలో నేను నాబ్ పట్టుకుని, దేవుణ్ణి తలుచుకుని, సున్నా నుంచి పదికి ఒక్క ఊపులో తిప్పుతాను. హాలు అద్దాలు గజగజలాడతాయి. మాస్టర్ వెనక నుంచి చేతులెత్తి దండం పెడతాడు.

జరిగింది ఇది. "మస్తు వస్తుందన్నా" అన్నాను. మొదటి పాట మొదలైంది. నా వేళ్లు ఆరో నంబర్ మీద ఉన్నాయి. ఇప్పుడే తిప్పాలి, ఈ చరణంలో తిప్పాలి, వచ్చే పల్లవిలో తిప్పాలి అనుకున్నాను. ఒకసారి వెంట్రుకవాసి కదిపాను. స్టేజీ పలకల్లో ఏదో గుయ్యిమన్నట్టు అనిపించింది. అనిపించిందంతే, వచ్చిందో లేదో నాకే తెలియదు. నాబ్ మళ్లీ సున్నాకు పోయింది. మాస్టర్ అన్న మాట నా చెవిలో ఉంది: నీ సెట్టు నాకొద్దు. పాట అయిపోయింది. నా చెయ్యి సున్నా మీదే ఉంది.

హాలు చివర మాస్టర్ పెదవి విరిచాడు.

రెండోసారి. పెద్దాయన ఒక అడుగు వెనక్కి వేసి, చేతులు కట్టుకుని నిలబడ్డాడు. పాట మొదలైంది. నాలుగు పంక్తుల దాకా బాగానే ఉంది. ఆ తర్వాత ఢోలక్ తాళం కొంచెం ముందుకు జరిగింది. పాటగాడు దాన్ని అందుకోవడానికి ఊపిరి మింగాడు. ఢోలక్ ఇంకొంచెం జరిగింది. కీబోర్డు అబ్బాయి ఎడమచేత్తో బర్రె చప్పుడు మీటుతూ, ఎవరి వెంట పోవాలో తెలియక అటూ ఇటూ చూశాడు. పాటగత్తె రెండో చరణం ఒక మెట్టు పైన ఎత్తుకుంది, దిగలేక అక్కడే వేలాడింది. స్టేజీ మీద ఇన్నాళ్లూ వీళ్లంతా ఎవరి అడుగు పట్టుకుని నడిచారో వాళ్లకే తెలియదు. వాళ్ల చెవుల్లోకి అది నా డబ్బాల్లోంచి పోలేదు. పక్కన నిలబడ్డ బర్రెలోంచి పోయింది. దానికి నా ఆరో నంబర్ అక్కర్లేదు.

ముందు వరసలో కూర్చున్న ఒక ముసలామె, ఆకు నములుతున్నది ఆపి, "ఏమైందే, పాట గట్ల ఉరుకుతుంది? కుక్క తరిమిందా?" అంది.

మాస్టర్ కుర్చీలు తప్పించుకుంటూ ముందుకు వచ్చాడు. "ఆపుండ్రి! ఆపుండ్రి!" పాట ఎట్లాగూ చచ్చిపోయింది. "పెద్దమనిషీ, నీ కాళ్లు మొక్కుత, బర్రెను నిలబెట్టు."

ఆయన ఒక అడుగు ముందుకు వేశాడు. బర్రెను తట్టాడు. మూడోసారి పాట మొదలుపెట్టారు. ఢోలక్ బుద్ధిగా నడిచింది.

మొదటి పాటకు పెదవి విరిచిన సంగతి మరిచిపోయి, మాస్టర్ నా దగ్గరికి వచ్చి, నా వీపు మీద ఒక్క చరుపు చరిచాడు. "మొదటి పాటల సౌండు మస్తు పెట్టినవ్ రా. గిట్ల లేకుండెనంటే ఫరక్ తెల్వకపోతుండె."

ఆ పొగడ్త నేను రెండు చేతులా తీసుకున్నాను. తీసుకున్నాక తిరిగి ఇవ్వలేదు. నా కథ అక్కడ పుట్టింది.

మధ్యాహ్నం వైర్లు చుడుతుంటే ఆయన ప్లేటు పట్టుకుని వచ్చి నా పక్కన, గోడకు వీపు ఆనించి కూర్చున్నాడు. రెండు ముద్దలు తిన్నాడు.

"తమ్మీ, నేను చప్పట్లెందుకు కొడ్తనో ఎర్కేనా?"

"గోడ మాట ఇననీకి."

"ఆఁ. నా బర్రె ఒర్లితె అది నీ డబ్బలకెళ్లి బయటికొచ్చి, పొయ్యి గోడకు తగిలి, మళ్ల నా తానికొస్తది." ఇంకో ముద్ద తిన్నాడు. "బషీరాబాద్ పెండ్లి సంది వస్తలేదు."

చుట్టిన వైరు విప్పి మళ్లీ మొదలుపెట్టాను. చుడుతూ అడిగాను.

"మరెందుకన్నా, ప్రతి పెండ్లిల వస్తుందా, వస్తుందా అని అడుగుడు?"

"ఏ దినమన్న లేదంటవేమోనని."

"ఇయ్యాలన్న మాస్టర్‌కు చెప్పొద్దా అన్నా? నీ జాగ పోతుండె గదా!" అన్నాను, ఆయన మీదికే తోస్తూ.

"చెప్తె నీ జాగ పోతుండె. గుర్రం బెదిరిననాటి సంది నీ చెయ్యి వణుకుతుంది, నాకు కానొస్తలేదా? వణికే చెయ్యిని గట్టిగ పట్టుకుంటె ఇంకింత వణుకుతది." ప్లేటు నా వైపు జరిపాడు. "పప్పు బాగుంది. తిను."

ఆ తర్వాతి వారం నవాబుపేట దగ్గర వాళ్ల ఊరికి నన్ను పిలిచాడు. వాకిట్లో బర్రెను పడుకోబెట్టి, ఇంట్లోంచి ఒక పాత గొంగడి తెచ్చాడు. వాళ్ల నాయన గొర్ల వెంట కప్పుకుని తిరిగిందట. కత్తెర తీసుకుని దాన్ని ముక్కలు కోశాడు. ఒక్క క్షణం కూడా ఆగలేదు. రెండు ముక్కలు బర్రె పొట్టకు ఉండే రంధ్రాల్లో దూర్చాడు, పొట్టలో గాలి ఊగకుండా. ఒక ముక్క నా మైకుకు చుట్టి, తీగెల కింది చెక్కకు ఆనించి ఇరికించాడు. నేను వైర్లు కొత్తగా అతికాను. దాంతో అరుపు సగానికి తగ్గింది. మిగతా సగం ఎట్లా తగ్గిందంటే, నేను వైర్ల శాస్త్రం తిరగేసి ప్లస్సును మైనస్ చేశాను. అంటే, తొందరలో ఒక వైరుకు బదులు ఇంకో వైరు అతికాను. తప్పు అతుకు. ఆయనే విని, "ఏం జేసినవో గాని, అట్లనే ఉంచు" అన్నాడు.

ఆ తర్వాత కుల్కచర్లలో మరో పెళ్లిలో ఆరో నంబర్ తిప్పాను. సున్నా, రెండు, నాలుగు, ఐదు. అరవలేదు. ఆయన నా వైపు చూడలేదు, వస్తుందా అని అడగలేదు. వాయిస్తూనే ఎదురుగోడ వైపు తల వంచాడు. తర్వాత కుడిచేతి చిటికెనవేలు కొంచెం పైకెత్తాడు. అంతే. ఆ తర్వాత ఎన్నేళ్లు వాయించాడో, ప్రతి హాల్లో ఆ వేలు లేచింది. మళ్లీ ఎప్పుడూ నన్ను ఆ ప్రశ్న అడగలేదు.

మరి నేను? నేను తాండూరు కథ చెప్పుకుంటూ తిరిగాను. ఆయన పక్కన ఉండగానే చెప్పేవాణ్ణి. అద్దాలు గజగజలాడాయని, పదికి తిప్పానని. ఆయన సాసర్లో చాయ్ పోసుకుని, "అవునవును, ఆరో నంబర్" అనేవాడు. వెక్కిరింపు వెతికాను ఆ మాటలో. దొరకలేదు.

దినాల నాడు పొద్దున్నే పాత సెట్టు ఆటోలో వేసుకుని పోయాను. వాకిట్లో టెంటు. ఫోటోకు దండ. ఫోటో పక్కన, రాయి మీద, బర్రె నిలబడి ఉంది. గొంగడి తొడుగు తీసి, కూతురు దాన్ని నూనెగుడ్డతో తుడిచిపెట్టింది. భజన వాళ్లకు రెండు మైకులు పెట్టాను, మాట్లాడేవాళ్లకు ఒకటి. నాలుగోది బర్రె తీగెల కింద ఇరికించి, వైరు ఆరో నంబర్‌కు కలిపాను. రంధ్రాల్లో గొంగడి ముక్కలున్నాయి, అవి పీకేశాను.

"ఎవ్వరు వాయించరు గద కాకా, దానికి మైకెందుకు?" అంది కూతురు.

"ఉండనీ బిడ్డా."

తోడల్లుడు ఒకాయన, ఊరి పెద్ద ఒకాయన మాట్లాడారు. తర్వాత కూతురు నన్ను పిలిచింది. మాస్టర్ ముందు కుర్చీలో ఉన్నాడు, చేతికర్ర మోకాళ్ల మధ్య పెట్టుకుని. నేను మైకు పట్టుకున్నాను. అలవాటైన కథ, నోరు దానంతట అదే మొదలుపెట్టింది. తాండూరు, పెళ్లి, రెండు పాటలు, మాస్టర్ పందెం. జనం తలలూపుతున్నారు. "నేను ఆరో నంబర్ మీద చెయ్యేసిన" అన్నాను.

అక్కడ ఆగాను. ఎదురుగా ఆయన ఫోటో. వస్తుందా తమ్మీ, అన్నట్టే ఉంది ముఖం.

"లేదు" అన్నాను. "వస్తలేకుండె. నేనే బంద్ జేసిన. ఆరు నెలలు బంద్ జేసిన. ఆ దినం గూడ తిప్పలే. ఆయన జాగ ఆయనే నిలబెట్టుకుండు. నేను భయపడ్డ. ఆయనకు తెల్సు. తెల్సి గూడ ఎవ్వరికి చెప్పలే."

మాస్టర్ కర్ర నేల మీద కొట్టాడు.

"ఓరి నీ! మరి ఇన్నేండ్ల సంది నీ సౌండు లెక్క సౌండు లేదని నేను ఊరూర చెప్పుకుంట తిరుగుతున్న గదరా!"

ఎవరో ఫక్కున నవ్వారు. ఆ నవ్వు రెండు వరసలు పాకింది. కూతురు మాత్రం నవ్వలేదు. ఆమెకూ చెప్పలేదాయన. నా వైపు చూస్తూ నిలబడింది. తిడుతుందనుకున్నాను. తిడితే బాగుండు అనుకున్నాను.

"మరి ఇప్పుడు తిప్పు కాకా" అంది.

మిషన్ దగ్గరికి పోయాను. భజన మొదలైంది. హార్మోనియం, ఢోలక్, పది గొంతులు. ఆరో నంబర్ పట్టుకుని తిప్పాను. రెండు. ఐదు. ఎనిమిది. పది. బర్రెను ఎవరూ ముట్టుకోలేదు. కానీ ఆ పది గొంతుల చప్పుడు తగిలి దాని తీగెలు వాటంతట అవి వణకడం మొదలుపెట్టాయి. ఆ వణుకు మైకులోకి, మైకులోంచి డబ్బాల్లోకి, డబ్బాల్లోంచి మళ్లీ దాని పొట్టలోకి. "గుయ్య్..." మని కింది నుంచి లేచింది. భజన వాళ్లు పాడుతూనే తలలు తిప్పి చూశారు. నా కుడిచెయ్యి, ముదిరిన అలవాటు, నాబ్ మీదికి పోబోయింది.

రెండు చేతులూ జేబుల్లో పెట్టుకున్నాను.

బర్రె అరిచింది. వికారాబాద్‌లో విన్నారు, తాండూరు రాతి గనుల్లో పనాపి మరీ విన్నారు. రేపటి నుంచి నేను చెప్పబోయేది అదే. నిజానికి ఆ ఊరి పొలిమేర కూడా దాటలేదు. వాకిలి దాటింది, రోడ్డు దాటింది. ఎదురింటి గోడకు తగిలింది. తల వంచి విన్నాను. తిరిగి వచ్చింది.